బుడాపెస్ట్‌కి ఇచ్చిన 50 లక్షల పౌండ్లు

మా అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ. బర్మింగ్‌హామ్‌లో మాలాంటి తల్లిదండ్రులు నలుగురు కలిస్తే బుడాపెస్ట్‌లోని పెటో ఇన్‌స్టిట్యూట్ మాట రాక తప్పదు.

ఆండ్రాష్ పెటో అనే వైద్యుడు 1945లో అక్కడ మొదలుపెట్టిన పద్ధతిలో ఇలాంటి పిల్లలకు నేర్పే సంస్థ అది. నడక నేర్పేవాళ్లు ఒకరు, మాట నేర్పేవాళ్లు ఒకరు, చదువు చెప్పేవాళ్లు ఇంకొకరు అంటూ ఉండదు. నాలుగేళ్లు శిక్షణ పొందిన కండక్టర్లే అన్నీ చూసుకుంటారు. చెక్క పలకల మధ్య సందులున్న బల్ల, నిచ్చెనలాంటి వీపున్న కుర్చీ, ఇవే సామగ్రి. పిల్లలు వాటి కమ్ములు పట్టుకుని, చేయబోయే పనిని అందరూ కలిసి పైకి అంటూ, అంకెలు లెక్కపెడుతూ చేస్తారు. చెయ్యి ఎత్తడం కూడా అక్కడ పాఠమే.

1986లో బీబీసీ ఈ సంస్థ మీద డాక్యుమెంటరీ వేసింది. ఇక్కడి తల్లిదండ్రులు చందాలు పోగుచేసుకుని పిల్లలతో విమానాలెక్కారు. బ్రిటిష్ ప్రభుత్వం ఆ సంస్థకు 50 లక్షల పౌండ్ల సాయం ప్రకటించింది. 1990లో ప్రధాని థాచర్ స్వయంగా వెళ్లి చూశారు.

పరాయి దేశపు బడికి ఇక్కడి పన్నుల సొమ్మెందుకని అడిగేవాళ్లతో నేను ఏకీభవించను. విద్య ఎక్కడుంటే అక్కడే కదా దాన్ని నిలబెట్టాలి. అయితే పిల్లవాడి అవసరం అంతటితో తీరదు. కొన్ని వారాలు అక్కడ నేర్చుకున్నది, ఇంటికొచ్చాక రోజూ చేయించే మనిషి లేకపోతే నిలవదు. అసలు ఖర్చు ఆ మనిషి జీతం.

బర్మింగ్‌హామ్‌లో ఈ పద్ధతిలో నేర్చుకున్న పిల్లల్ని విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 1993లో నివేదిక ఇచ్చారు. మామూలు స్పెషల్ స్కూలు పిల్లల కంటే వీళ్లు ఎక్కువ ముందుకు పోలేదన్నది దాని సారాంశం. ఆ నివేదికను నేను కొట్టిపారేయను. కానీ ఎక్కువ మేలు లేదనడం వేరు, మేలే లేదనడం వేరు. మా వాడికి ఎలాంటి సాయం అందాలో స్థానిక కౌన్సిల్ రాసే ప్లాన్ మీటింగులో ఈ తేడా గురించే గట్టిగా వాదించాను.

ఈ పద్ధతిలో వారానికి రెండు సెషన్లు ఆ ప్లాన్‌లో రాయమని అడుగుతున్నాం. కమ్మీ పట్టుకుని నిలబడి ప్యాంటు తనే పైకి లాక్కోగలిగితే, పెద్దయ్యాక వాణ్ణి బాత్రూముకి తీసుకెళ్లడానికి ఇద్దరు మనుషులు అక్కర్లేదు. లేకపోతే ఆ ఇద్దరి జీతమూ కౌన్సిలే కట్టాలి.