నురగ చెప్పిన సాక్ష్యం

పిల్లలూ, నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పాను. కాని ఒక పాఠం మాత్రం నేనే నా విద్యార్థి దగ్గిర నేర్చుకున్నాను. ఆ సంగతి మీకు చెబుతాను.

1988లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. విశాఖపట్నం జిల్లాలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లెకు సైన్సు మాస్టరుగా వెళ్ళాను. మా బడి పిల్లలలో చాలామంది తండ్రులు చేపల వేటకు వెళ్ళేవారు. నూకరాజు అని ఏడో తరగతి కుర్రవాడు ఒకడుండేవాడు. వాడు తెల్లవారుజామున తండ్రితో కలిసి వల లాగి, ఒంటి మీది ఉప్పు ఆరకముందే బడికి వచ్చేవాడు.

సముద్రపు జీవులను పిల్లలకు బతికుండగా చూపించాలని నాకు సరదా పుట్టింది. వరండాలో ఒక పెద్ద మట్టి బాన పెట్టించి, అందులో సముద్రపు నీళ్ళు పోయించాను. నూకరాజు రాళ్ళ మధ్య గుంటలు వెతికి, వేలెడేసి చేపలను ఆరింటిని తెచ్చి వదిలాడు. రోజూ నీళ్ళు మార్చే పని కూడా వాడిదే. రెండు రోజులు చేపలు హాయిగా ఈదాయి. మూడోనాటి సాయంత్రం వలలో రెండు సముద్ర నక్షత్రాలు పడ్డాయి. అవి వలలో కాస్త నలిగాయి కూడా. నేను సంబరపడిపోయి వాటిని ఆ బానలోనే వేయించాను.

మర్నాడు వచ్చి చూద్దును గదా, ఆరు చేపలూ వెల్లకిలా తేలి ఉన్నాయి! బాన అంచు వెంబడి తెల్లని నురగ కట్టి ఉంది.

నురగ చూడగానే నాకు సబ్బు గుర్తుకు వచ్చింది. "సబ్బు చేతులు ఇందులో కడిగావా?" అని నూకరాజును గద్దించాను.

"లేదు మాస్టారూ, నేను సబ్బు ముట్టుకోలేదు," అన్నాడు వాడు.

నేను నమ్మలేదు. వాణ్ణి ఆ పూటంతా బెంచీ ఎక్కించి నిలబెట్టాను. వాడు ఏడవలేదు. కాని ఆ తరవాత మూడు రోజులపాటు బడికి రాలేదు.

నాలుగో రోజున వచ్చి, నా బల్ల ముందు నిలబడి ఇలా అన్నాడు: "మాస్టారూ, రెండు బానలు పెట్టించండి. రెండింటిలోనూ ఒకే చోటి నీళ్ళు పోద్దాం. చెరి మూడు చేపలు వేద్దాం. ఒక దానిలో నక్షత్రాలు వేద్దాం, రెండో దానిలో వద్దు. రాత్రికి గదికి తాళం వేసి, తాళంచెవి మీ దగ్గిరే పెట్టుకోండి."

ఆ మాట వినగానే నాకు సిగ్గువేసింది. శాస్త్రీయమైన పరీక్ష అంటే ఏమిటో పుస్తకం చూసి పాఠం చెప్పినవాణ్ణి నేను. పరీక్ష చెయ్యకుండానే శిక్ష వేసినవాణ్ణీ నేనే!

వాడు చెప్పినట్టే చేశాం. మర్నాడు తాళం తీసి చూశాం. నక్షత్రాలు లేని బానలో చేపలు చక్కగా ఈదుతున్నాయి. నక్షత్రాలు ఉన్న బానలో నురగ కట్టింది, చేపలు చచ్చి తేలాయి. అయితే దోషం బానదేమో? అందుకని బానలు తారుమారు చేసి, ఇంకొకసారి పరీక్షించాం. ఈసారి దగ్గిరే కూర్చున్నాం. నక్షత్రాలు ఉన్న బానలో చేపలు తల్లడిల్లటం చూడగానే వాటిని తీసి వేరే సముద్రపు నీటిలో వేశాం.

"మా అమ్మ తలంటుకు కుంకుడుకాయలు నానేస్తే ఇలాగే నురగ వస్తుంది, మాస్టారూ," అన్నాడు నూకరాజు.

వాడి మాట ఎంత నిజమో, తరవాత పట్నంలోని ఒక కాలేజీ లెక్చరరు గారిని అడిగినప్పుడు తెలిసింది. కుంకుడుకాయ నురగకు కారణం సపోనిన్లు అనే పదార్థాలు. సముద్ర నక్షత్రంలో ఉన్నవీ ఆ జాతివే! నక్షత్రంలోని విషం సపోనిన్ అని 1960లో హషిమోటో, యసుమోటో అనే జపాను శాస్త్రజ్ఞులు నిర్ధారణ చేశారు.

సముద్ర నక్షత్రాన్ని నక్షత్ర చేప అని కూడా అంటారు గాని, అది చేప కానే కాదు. దానికి మెదడు లేదు. వేగంగా పారిపోలేదు. అడుగుభాగాన ఉన్న వందలకొద్దీ సన్నని గొట్టాలవంటి పాదాలతో మెల్లిగా పాకుతుంది. అటువంటి ప్రాణి శత్రువుల మధ్య ఎలా బతకాలి? చర్మం కింద ఉన్న గట్టి పలుకులు దానికి కవచం. ఒంట్లో ఉన్న సపోనిన్లు దానికి ఆయుధం. ఈ రసం రుచి తగిలిన చేపలు చాలామటుకు దాన్ని వదిలేస్తాయి.

వదలకపోతే ఏమవుతుంది? ప్రాణుల శరీరం కణాలతో కట్టిన ఇల్లు. ప్రతి కణం చుట్టూ పలచని పొర ఉంటుంది. ఆ పొరలో కొలెస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. సపోనిన్ దాన్ని పట్టుకుని పొరకు చిల్లులు పొడుస్తుంది. ఎర్ర రక్తకణాలైతే పగిలిపోతాయి. చేపలు మొప్పలతో ఊపిరి పీలుస్తాయి గదా! మొప్పలలో నీటికీ రక్తానికీ మధ్య ఉండేది అతి పలచని తెర. అందుకే ఇరుకు బానలో చేపలకు అంత అపాయం కలిగింది. విశాలమైన సముద్రంలో అయితే ఆ రసం నీటిలో కలిసి పలచబడిపోతుంది.

మరి ఆ విషం నక్షత్రాన్నే ఎందుకు చంపదు? దాని కణాల పొరలలో మనకున్నంత కొలెస్టెరాల్ లేదు. దానికి బదులు వేరే రకం స్టెరాల్స్ ఉంటాయి. సపోనిన్ వాటిని గట్టిగా పట్టుకోలేదు. తన కత్తి తనకు తెగకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు అది.

ఇంకో వింత ఉన్నది. సముద్ర నక్షత్రం ఆల్చిప్పల వంటి గుల్లజీవులను తింటుంది. స్కాలప్ అనే గుల్లజీవికి నక్షత్రం తగిలిందా, సపోనిన్లను గుర్తుపట్టి, రెండు చిప్పలూ టపటపా కొట్టుకుంటూ నీటిలో ఎగిరిపోతుంది. అత్తరు పూసుకుని దొంగతనానికి వెళ్ళిన దొంగ గతి పడుతుంది నక్షత్రానికి! రక్షించే ఆయుధమే జాడ కూడా చెబుతుందన్నమాట.

ఆస్ట్రేలియా దగ్గిరి మహా పగడపు దిబ్బల్లో ముళ్ళ కిరీటం అనే నక్షత్రం ఉన్నది. దాని ముళ్ళు చాలా పొడుగు, విషపూరితం. గుచ్చుకుంటే మనుషులకు భరించరాని నొప్పి, వాపు, వాంతులు కలుగుతాయి. అటువంటిదాన్ని కూడా ట్రైటన్ అనే పెద్ద శంఖపు నత్త పట్టి తింటుంది! ఆ నత్త వాసన నీటిలో సోకితే చాలు, ఆ నక్షత్రం పారిపోతుందని 2017లో ప్రకటించిన పరిశోధనలో తేలింది. తాడి తన్నేవాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా? అందుచేత పిల్లలూ, ఒడ్డున కనిపించిన ప్రతి జీవినీ చేత్తో పట్టుకోకండి. దూరాన నిలబడి చూడండి.

నూకరాజు సంగతి చెప్పటం మరిచాను. రెండో పరీక్ష ముగిసిననాడు ప్రార్థన సమయంలో పిల్లలందరి ఎదుటా, "నూకరాజు సబ్బు కలపలేదు. తప్పు నాది. రుజువు లేకుండా శిక్షించాను," అని చెప్పాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. బెంచీ ఎక్కినరోజున ఏడవనివాడు, అప్పుడు ఏడ్చాడు.

తరవాత నేను హెడ్మాస్టరునయ్యాను. ఏ పిల్లవాడి మీద ఫిర్యాదు వచ్చినా, ముందు వాడు చెప్పేది పూర్తిగా విన్నాను. నూకరాజుకు ఇప్పుడు సొంత పడవ ఉన్నది. కిందటి సంక్రాంతికి ఆ పల్లెకు వెళితే నన్ను గుర్తుపట్టి, నవ్వుతూ, "మాస్టారూ, ఇంకో బాన పెడదామా?" అని అడిగాడు.

"పెడదాంరా, తాళంచెవి మాత్రం ఈసారి నీ దగ్గిరే ఉంచు," అన్నాను.