వాకిటి కుర్చీ

18వ శతాబ్దమున ఆంగ్లదేశపు ప్రభువుల సౌధములలో, ముఖద్వారము దాటగనే మహాగని కుర్చీలు వరుసగా నుండెడివి. వానికి మెత్తలు లేవు; వట్టి కొయ్యయే. వీపుపలకపై యజమాని వంశచిహ్నము చెక్కబడి గాని చిత్రింపబడి గాని యుండెడిది. జాబులు తెచ్చిన సేవకులును, వర్తకులును పిలుపు వచ్చువఱకు వానిపై వేచియుండెడివారు.

1721లో అమెరికాలోని ఆంగ్ల వలసరాజ్యముల కలపపై దిగుమతి సుంకము తొలగింపబడగా మహాగని లండనునకు విరివిగా వచ్చెను. జమైకాలో ఆ మ్రాకులను నఱికినవారు ఆఫ్రికానుండి తేబడిన బానిసలు. 1754లో థామస్ చిప్పెండేలు తన నమూనాల గ్రంథమును ప్రకటించెను. జార్జి హెపుల్‌వైటు 1786లో మరణింపగా, ఆతని నమూనాలను 1788లో అచ్చొత్తించినది భార్య ఆలిస్. ఇది చదివినపుడు నా మనస్సు పొంగినది.

అయినను ఆ కుర్చీ సొగసు నన్ను పూర్తిగ మెప్పింపలేదు. యజమాని చిహ్నము కనబడును; చేసిన వడ్రంగి పేరు కనబడుట అరుదు; కూర్చుండువాని సుఖము నెవరును తలపలేదు. మా యింటికి బిడ్డల చదువునుగూర్చి యడుగవచ్చు పేదతండ్రులు నిలువబడియే మాటలాడుదురు. వారికి ముందుగా పీట వేసి, మంచినీళ్లిచ్చి, పిదప మావారిని పిలుచుట నా నియమము. గొప్పవారికి ఆసనము చూపువారు పెక్కురు గలరు. వాకిట వేచియున్నవానిని గృహిణియే చూడవలయును.