కురబలకోట దారిలో పన్నెండు టన్నుల లెక్క

మదనపల్లె నుంచి కదిరి వైపు వెళ్లే దారిలో, కురబలకోట మండలం అంగళ్లులో బస్సు దిగాను. 1998లో ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన మిట్స్ ఉన్న ఊరు ఇది. నేను చూడవచ్చింది రోడ్డు పక్కనున్న ఒక రేకుల షెడ్డు. ట్రాలీ జాకీలు, జేసీబీ సిలిండర్లు విప్పి సీళ్లు మార్చే చోటు.

లోపల రెండు స్టాండ్ల మీద జేసీబీ బకెట్ సిలిండర్ పడుకోబెట్టి ఉంది. మేస్త్రీ వెర్నియర్‌తో లోపలి వ్యాసం కొలిచారు. 10 సెంటీమీటర్లు. చాక్‌పీసు తీసుకుని అక్కడే ఓ రేకు మీద లెక్క వేశారు. వ్యాసార్ధం 5. ఐదు అయిదులు ఇరవై అయిదు, దాన్ని 3.14తో హెచ్చిస్తే 78.5 చదరపు సెంటీమీటర్లు. ఆయిల్ ప్రెషర్ 150 బార్ అనుకుందాం. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకు 1.02 కిలోల ఒత్తిడి. మూడూ హెచ్చిస్తే దాదాపు 12,000 కిలోలు.

"నా తొడంత లావు లేదు గదా, పన్నెండు టన్నులు తోస్తాది సార్" అన్నారు, సిలిండర్‌ను అరచేత్తో నిమురుతూ.

రాడ్‌ను లోపలికి లాగేటప్పుడు అంత బలం రాదు. రాడ్ వ్యాసం 5 సెంటీమీటర్లు, అది 19.6 చదరపు సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆయిల్ తోయడానికి మిగిలేది 58.9. బలం 9 టన్నులకు తగ్గుతుంది. చోటు తక్కువ కాబట్టి త్వరగా నిండి, రాడ్ వేగంగా వెనక్కి వస్తుంది. అందుకే బకెట్ నేలను తవ్వేటప్పుడు రాడ్ బయటికి సాగుతుంది, మట్టి పారబోసేటప్పుడు లోపలికి వస్తుంది. గట్టి పనికి పూర్తి బలం, తేలిక పనికి వేగం. ఆ అమరికలోని తెలివి నాకు ఆ రేకు దగ్గరే అర్థమైంది.

ఇంతలో ఒక రైతు ట్రాక్టర్ తెచ్చి ఆపాడు. గ్రావెల్ నింపితే ట్రాలీ లేవడం లేదట.

"రిలీఫ్ వాల్వు బిగించి ప్రెషర్ పెంచన్నా."

"పెంచితే పైపు పగల్తాది నాయనా. ముందు సీలు చూస్తా. అది బాగుంటే 12 సెంటీమీటర్ల జాకీ వేసుకో."

ఆ మాటనూ లెక్క కట్టి చూశాను. వ్యాసం 10 నుంచి 12కు పెరిగితే విస్తీర్ణం 1.44 రెట్లవుతుంది. అదే 150 బార్‌కు 17 టన్నులు దాటుతుంది. అయితే ఆయిల్ కూడా అన్ని రెట్లు కావాలి, ట్రాలీ నిదానంగా లేస్తుంది. అదే పంపుతో, అదే ప్రెషర్‌లో బలం పెరిగితే వేగం తగ్గక తప్పదు.

షెడ్డు మూల కంప్రెసర్ గేజీ 6 బార్ చూపిస్తోంది. అదే 10 సెంటీమీటర్ల సిలిండర్‌కు గాలి పెడితే వచ్చేది 480 కిలోలే. అందులోనూ రాపిడికి కొంత పోతుంది. అయినా గాలిని ట్యాంకులో నిల్వ చేసుకోవచ్చు, అది క్షణంలో పని చేస్తుంది. మదనపల్లె టమోటా మార్కెట్టు నుంచి బయలుదేరే లారీల బ్రేకులు ఆ గాలితోనే పడతాయి. వాటి బ్రేకు చాంబర్ మీద ఉండే 30 అనే అంకె, 30 చదరపు అంగుళాల విస్తీర్ణాన్ని చెబుతుంది. అక్కడా బలానికి మూలం వైశాల్యమే.

బయలుదేరబోతుంటే మేస్త్రీ లేచి ఉన్న ట్రాలీ కింద మందపాటి ఇనుప దన్ను నిలిపారు. ఆ తరవాతే షెడ్డులో పనిచేసే కుర్రాణ్ని కిందికి వెళ్లనిచ్చారు. ఆయన వేసిన లెక్కలోనే అందుకు కారణం ఉంది. పైపు తెగితే ప్రెషర్ సున్నా. విస్తీర్ణం ఎంతున్నా సున్నాతో హెచ్చిస్తే బలం సున్నాయే. ట్రాలీ ఉన్న ప్రతి రైతుకూ, డ్రైవరుకూ నా విన్నపం: దన్ను పెట్టకుండా ఎత్తిన ట్రాలీ కిందికి ఒక్క నిమిషమైనా వెళ్లకండి.