మూడు వేల కిలోల గీత

ఖమ్మం షోరూంలో బొలేరో పికప్ అని అడిగితే ఒక ధర చెప్పరు. 1.3 టన్నులదా, 1.7దా, రెండు టన్నులదా అని ఎదురడుగుతారు. ట్రాలీ ఎనిమిది అడుగుల నుంచి పదడుగుల దాకా ఉంటుంది. ఏసీ ఉన్నది వేరు, లేనిది వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, ఆ మిగిలిన డబ్బుతో పైమెట్టు బండి తీసుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది.

నన్నడిగితే ముందు చూడాల్సింది ఆర్‌సీలో రాసే మొత్తం బరువు, అంటే బండీ సరుకూ కలిపి. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం అది 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి. భద్రాచలం వాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక ఊరు దాటగానే ఎటపాక, పక్క రాష్ట్రం. సొంత జిల్లాలోని దుమ్ముగూడెం, చర్ల వెళ్లాలన్నా దారిలో ఆంధ్ర ఊళ్లు తగులుతాయి. చింతూరు మీదుగా ఇంకాస్త పోతే ఛత్తీస్‌గఢ్. పెద్ద బండి కొన్నవాళ్లు ఆ కాగితాల ఖర్చునూ ధరలో కలిపి లెక్కేసుకోవాలి.

తర్వాత సరుకు. ఎండుమిర్చి బస్తా 40 కిలోలనుకున్నా నలభై బస్తాలకు 1,600 కిలోలు. బరువు హద్దుకు చేరకముందే చోటు చాలదు. ట్రాలీ పొట్టిదైతే బస్తాలు క్యాబిన్‌కంటే ఎత్తు లేస్తాయి, తాడు ఎంత బిగించినా మలుపులో బండి ఒరుగుతుంది. కాబట్టి ఖమ్మం మార్కెట్‌కు మిర్చి తోలే రైతుకు పొడవైన ట్రాలీయే లాభం. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర, అశ్వారావుపేట ఫ్యాక్టరీకి పామాయిల్ గెలలు తోలేవాళ్లకు మాత్రం పొడవు కాదు, కమాన్ పట్టీల బలం ముఖ్యం.

పవర్ స్టీరింగ్ దగ్గర పిసినారితనం వద్దు. వానాకాలం పోడు చేల బాటలో నిండు లోడుతో స్టీరింగ్ తిప్పిన భుజాలకే ఆ విలువ తెలుసు. ఏసీని కూడా నేను సోకు అనను. మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన కొత్త సరుకు బండ్ల క్యాబిన్లకు ప్రభుత్వం 2025 అక్టోబరు నుంచి దాన్ని తప్పనిసరి చేసింది, అంతకు తక్కువ బరువున్న పికప్‌లను వదిలేసింది. మే నెల ఎండలో తునికాకు తోలే డ్రైవరు కూడా మనిషే.

50 వేలు ఎక్కువపెట్టి, పది శాతం వడ్డీకి ఐదేళ్ల కిస్తీ కడితే నెలకు సుమారు 1,060 రూపాయలు, మొత్తం 63 వేల పైచిలుకు. అది ట్రాలీ పొడవుకో, స్టీరింగ్‌కో, డ్రైవరు ఒంటికో పోతే దండగ కాదు. అలాయ్ చక్రాలకూ స్టిక్కర్లకూ పోతే దండగే. అడ్వాన్సు కట్టేముందు మీరు తోలే సరుకేదో, దాటే సరిహద్దులేవో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పట్టుకునే షోరూంకు వెళ్లండి.