మా యింటి పాత టెలివిజను

పాతవస్తువుల విషయమున మనుష్యులు రెండు విధములుగా పొరబడుచుందురు. కొందరు పాతదైనంతమాత్రముననే దానిని నెత్తిన పెట్టుకొందురు. కొందరు పాతదైనంతమాత్రముననే దానిని వీధిలో పారవేయుదురు. నేను ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగు బోధించి, కడపట ప్రధానోపాధ్యాయుడనై విశ్రాంతి పొందినవాడను. ఈ రెండు పొరపాట్లును నాకు లేవని చాలకాలము నమ్మియుంటిని. ఆ నమ్మకమును మా యింటి పాత టెలివిజను ఒక్క వారములో పోగొట్టినది.

మాది తెనాలి. 1993లో మేము రంగుల టెలివిజను కొంటిమి. ఆనాటి టెలివిజను ఇప్పటివలె గోడకు తగిలించు పలుచని పలక కాదు. ముందువైపున 21 అంగుళముల అద్దపు ముఖము, వెనుకవైపున గంగాళమువంటి పొట్ట. ఒక్కడు ఎత్తవలెనన్న నడుము పట్టుకొనును. దానికొక చెక్కబల్ల, దానిపైన నా భార్య స్వయముగా అల్లిన గుడ్డ. ఇరువదియొక్క యేండ్లు అది మాకు వార్తలు చెప్పినది, పాటలు వినిపించినది. 2014లో పలుచని తెర వచ్చిన పిమ్మట అది వెనుకగదిలోనికి పోయినది. దానిపై పాత పత్రికలు, పత్రికలపై దుమ్ము చేరినవి.

2025 వేసవిలో ఇంటికి రంగు వేయింపదలచి, పాతసామానులు కొనువానిని పిలిచితిని. అతడు టెలివిజను చుట్టు ఒకసారి తిరిగి, "మాస్టారూ, దీనిలో రాగితీగ తప్ప ఏమీ రాదు. రెండు వందలిస్తాను" అనెను. నేను బేరమైనను ఆడక ఒప్పుకొంటిని.

ఆ ఉదయముననే మా మనుమడు అటకమీదినుండి ఒక అట్టపెట్టెను దింపెను. వాడు మీవలెనే ఎనిమిదవ తరగతి చదువువాడు. సెలవులకు హైదరాబాదునుండి వచ్చియుండెను. ఆ పెట్టెను చూడగానే గుర్తించితిని. అందులో ఒక వీడియో గేము యంత్రము, మీటలున్న రెండు చేతిపలకలు, ఒక ప్లాస్టికు తుపాకి, పసుపుపచ్చని క్యాసెట్టు ఒకటి ఉన్నవి. జపాను దేశమున నింటెండో సంస్థ 1983లో 'ఫ్యామిలీ కంప్యూటర్' అను ఆట యంత్రమును విడుదల చేసినది. దానిని పోలిన నకలు యంత్రములు 1990 తరువాతి సంవత్సరములలో మన పట్టణముల అంగళ్ళలో దొరకుచుండెడివి. అట్టిదానిని మా బావమరిది విజయవాడలో కొని, మా అబ్బాయికి కానుకగా ఇచ్చెను. వానికి పదియేండ్లప్పుడు, 1996లో, దానిని వాని చేతినుండి లాగుకొని అటక ఎక్కించినవాడను నేనే. ఆ సంగతి తరువాత చెప్పెదను.

మనుమడు ఆ యంత్రపు తీగలను హాలులోని క్రొత్త టెలివిజనుకు తగిలించెను. బొమ్మ వచ్చినది గాని చూడ ముచ్చటగా లేదు. అంచులన్నియు అలికినట్లు చెదరియున్నవి. మీట నొక్కిన కొంతసేపటికి గాని అందలి మనిషిబొమ్మ ఎగురుట లేదు. ఈలోపున గోతిలో పడుచున్నది. 'డక్ హంట్' అను బాతులవేట సంగతి మరియు అన్యాయము. తుపాకిని తెరకు ఆనించి కాల్చినను ఒక్క బాతైనను పడలేదు. గురి తప్పినప్పుడెల్ల గడ్డిలోనుండి ఒక కుక్క లేచి, నోటికి పాదము అడ్డము పెట్టుకొని నవ్వుచుండెను.

"ఇది చెడిపోయింది, తాతయ్యా" అని వాడు నిట్టూర్చెను.

నాకు లోలోపల కొంత తృప్తి కలిగినమాట దాచను. "ఈ ఆటల బ్రతుకే అంత. ఆనాడే చెప్పాను" అంటిని. వాడు ఊరకుండక హైదరాబాదులోనున్న తండ్రికి ఫోను చేసి సంగతి చెప్పెను. మా అబ్బాయి ఎలక్ట్రానిక్సు చదివినవాడు. అతడు నాతో మాటాడవలెనని ఫోను ఇప్పించుకొని, "నాన్నగారూ, ఆట చెడలేదు. ఆ తెర దానికి తగిన తెర కాదు. మన పాత టీవీ ఉంది కదా? దానికి తగిలించి చూడమనండి" అనెను.

అప్పటికి మా పాత టెలివిజను బండికెక్కి వీధి మలుపు చేరినది. నేను చెప్పులైనను వేసికొనక పరుగెత్తితిని. అరువదియారేండ్ల వయస్సున, పంచె ఎగగట్టి, "ఆగవోయ్, ఆగు!" అని కేకలువేయుచు బండివెంట పరుగెత్తు ప్రధానోపాధ్యాయుని చూచి వీధివారు ఏమనుకొనిరో తెలియదు. అతని రెండు వందలును తిరిగియిచ్చి, శ్రమకు మరియొక ఏబది చేర్చి, టెలివిజనును ఇంటికి తెచ్చితిమి.

దుమ్ము తుడిచి, తీగలు మార్చి, మీట నొక్కితిమి. లోపల 'టప్పు'మని చప్పుడైనది. తెరదగ్గర చేయి పెట్టగా వెండ్రుకలు నిక్కబొడుచుకొన్నవి. మెల్లమెల్లగా బొమ్మ తేరినది. మనుమడు తుపాకి గురిపెట్టి కాల్చెను. బాతు పడెను! వెంటనే రెండవది పడెను. మనిషిబొమ్మయు మీట నొక్కినదే తడవుగా గోతులు దాటజొచ్చెను. ప్రొద్దున చెడిపోయినదనుకొన్న యంత్రము మధ్యాహ్నమునకు బాగైనది. దానిలో మేమొక్క మరయైనను బిగింపలేదు. మారినది తెర మాత్రమే.

శనివారమున మా అబ్బాయి వచ్చెను. "ఒరే, ఇందులోని కిటుకు నాకు తెలియజెప్పు" అని అడిగితిని. అతడు చెప్పిన దానిని నాకు తెలిసిన మాటలలో మీకు చెప్పెదను.

పాత టెలివిజను ప్రాణమంతయు పిక్చరు ట్యూబులో నున్నది. ఇట్టి ట్యూబును 1897లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ నిర్మించెను. ట్యూబు మెడలో వేడెక్కిన లోహమునుండి ఎలక్ట్రానులు వెలువడును. రంగుల టెలివిజనులో సుమారు 25,000 వోల్టుల విద్యుత్తు వానిని ముందునకు లాగును. మెడచుట్టునున్న తీగచుట్టల అయస్కాంతశక్తి ఆ ధారను ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి నడుపును. అద్దము లోపలి పూతపై ధార తగిలినచోట వెలుగు పుట్టును. పొలములో సాలు వెంట సాలు దున్నినట్లు అది గీత వెంట గీత వెలిగించును. మన దేశపు పద్ధతిలో బొమ్మకు 625 గీతలు. ముందు బేసిగీతలు, పిదప సరిగీతలు, ఈ విధముగా సెకనునకు 50 పర్యాయములు తెరను పైనుండి క్రిందివరకు దున్నును. వచ్చిన సంకేతమును వచ్చినట్లే గీయును గాని నిలువచేసికొని ఆలోచింపదు.

మా ఆట యంత్రపు బొమ్మ వెడల్పున 256 చుక్కలు, ఎత్తున 240 వరుసలు. వెరసి 61,440 చుక్కలు. అది ప్రతి పర్యాయము ఒకే గీతలపై గీయుటచేత నడుమ సన్నని చీకటిగీతలు మిగులును. ట్యూబు వెలుగు అంచులందు కొంచెము వ్యాపించి చుక్కలను ఒకదానితో ఒకటి కలుపును. ఆనాటి చిత్రకారులు ఈ గుణము నెరిగియే బొమ్మలు గీసిరి. 1991లో వచ్చిన 'సోనిక్ ది హెడ్జ్‌హాగ్' ఆటలో జలపాతమును నిలువుగీతలుగా ఎడమెడముగా గీసిరి. ఆ కాలపు తీగగుండ వచ్చి ట్యూబుపై పడునప్పటికి ఆ గీతలు కలిసిపోయి, వెనుకనున్నది కనబడు పలుచని నీటివలె తోచును. నేటి తేటతెరపై అవి ఉత్త గీతలుగానే మిగులును.

మా క్రొత్త తెరలో 20 లక్షలకు పైగా చుక్కలు కలవు. 61 వేల చుక్కలను అన్నింటికి పంచవలెనన్న అది బొమ్మను మొదట నిలువచేసికొని, సాగదీసి, మెరుగుపెట్టి, అటుపిమ్మట చూపవలెను. ఆ ఆలస్యము రెప్పపాటు కాలమే. సినిమా చూచువానికి అది తెలియదు. గోయి దాటవలసినవానికి అదే ప్రాణాంతకము.

"మరి తుపాకికి బాతు ఎలా కనబడుతుందిరా?" అని అడిగితిని.

ఆ ప్రశ్న వినగానే మా అబ్బాయి నావైపు వింతగా చూచెను. కొంచెము సేపు ఊరకుండి చెప్పదొడగెను. తుపాకినుండి ఏదియు తెరకు పోదట! తెరవెలుగే తుపాకి గొట్టములోనికి వచ్చునట. లోపల వెలుగును గుర్తించు చిన్న కన్ను కలదు. మీట నొక్కగానే యంత్రము తెరనంతటిని క్షణకాలము నల్లగా చేసి, మరుక్షణము బాతున్నచోట మాత్రము తెల్లని చతురము గీయును. తుపాకి కన్నునకు ముందు చీకటి, వెంటనే వెలుగు కనబడినచో గురి తగిలినట్లు. బాతులు రెండున్నచో ఒకదాని తరువాత ఒకటి తెల్లబడును. ఇదంతయు మన రెప్ప పడులోపున జరిగిపోవును. క్రొత్త తెరలో ఆ తెల్లని చతురము ఆలస్యముగా వచ్చును. అప్పటికి యంత్రము తుపాకిని ప్రశ్నించుట, లేదను జవాబు పొందుట, కుక్క నవ్వుట కూడ ముగియును.

"నాన్నగారూ, ఈ ప్రశ్న నేను పదేళ్ళప్పుడు మిమ్మల్ని అడిగాను. గుర్తుందా?" అని అతడు మెల్లగా అనెను.

గుర్తున్నది. అటక సంగతి చెప్పెదనంటిని గదా, అది యిదియే. 1996లో ఒక సాయంకాలము నేను బడినుండి వచ్చునప్పటికి, వాడు తుపాకిని హాలులోని దీపమువైపు గురిపెట్టి కాల్చుచు, మాటిమాటికి తెరవైపు తిరిగి చూచుచుండెను. నేను కాళ్ళు కడిగికొని వచ్చులోపల తుపాకిని మరలు విప్పి నేలపై పరచెను. ఆనాడే వాని లెక్కల మార్కులు 41 అని తెలిసినది. ఒక్క దెబ్బ వేసితిని. "నాన్నగారూ, దీపాన్ని కాలిస్తే బాతు ఎందుకు పడదు?" అని వాడు ఏడ్చుచునే అడిగెను. "నలభై ఒక్క మార్కులవాడికి తుపాకి గొడవ ఎందుకు? ముందు బిగించు" అని గద్దించితిని. వాడు కన్నీరు తుడుచుకొనుచు ఒక్క మరయు తప్పకుండ బిగించెను. నేను దానిని పెట్టెలో పెట్టి అటక ఎక్కించితిని.

ఇప్పుడు ఆలోచింపగా నాకు తల వంగినది. ఆ బాలుడు చేసినది అల్లరి కాదు. వెలుగే బాతును పడగొట్టునేమో యని ఊహించెను. దీపముతో పరీక్షించెను. ఊహ పొసగకపోగా లోపల ఏమున్నదో చూడబోయెను. దీపము ఎప్పుడును వెలుగుచునే యుండును. దానియందు ముందుగా కనబడవలసిన చీకటి లేదు. జవాబు ఇంత చిన్నది. నాకది తెలియకపోవుట తప్పు కాదు. తెలియదని చెప్పక దెబ్బ వేయుట తప్పు. తరగతిలో "ప్రశ్నించుటయే విద్యకు మొదలు" అని బోధించినవాడను, నా యింటిలో ప్రశ్నను పెట్టెలో పెట్టి తాడు కట్టితిని. ఆనాడు వాడు బిగించిన మరలు ఇరువదితొమ్మిదేండ్ల తరువాత కూడ ఊడలేదు. ఆ తుపాకితోనే వాని కుమారుడు బాతులను కొట్టెను.

"తప్పు నాదిరా" అంటిని. అతడేమియు బదులు చెప్పలేదు. తుపాకి నా చేతికిచ్చి, "మీరు కాల్చండి" అనెను. నేను గురిచూచి కాల్చితిని. బాతు ఎగిరిపోయెను. కుక్క లేచి నవ్వెను. దానితోపాటు మనుమడును, వాని తండ్రియు, తుదకు నేనును నవ్వితిమి.

తరువాత కొంత విచారింపగా, ఇట్టి ఆటలును ట్యూబును ఒక యింట పుట్టిన తోబుట్టువులని తెలిసినది. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథం అను శాస్త్రజ్ఞుడు సందర్శకుల వినోదమునకై 'టెన్నిస్ ఫర్ టూ' అను ఆటను ఏర్పరచెను. అది నడిచినది ఆసిలోస్కోపు అను పరికరపు చిన్న ట్యూబుపైననే. 1972లో అటారీ సంస్థవారి 'పాంగ్' కూడ ట్యూబుతెరపైననే వచ్చినది. 2001లో వచ్చిన 'సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ' పోటీలకు నేటికిని విదేశములలో ఆటగాండ్రు బరువైన పాత టెలివిజనులను మోసికొనిపోవుదురు. అది మోజు మాత్రమే కాదు. క్షణములో వందవ వంతును లెక్కించువారికి అది అవసరము.

ఇట్లనుటచేత క్రొత్త తెర చెడ్డదని నా భావము కాదు. అది తేలికైనది, కరెంటు తక్కువ తినును, అక్షరములను తేటగా చూపును. వార్తలు నేనిప్పటికిని దానియందే చూచెదను. పాతదానికి దోషములును కలవు. దాని అద్దములో సీసము కలదు. కనుక దానిని చెత్తకుప్పలో వేయరాదు, పగులగొట్టరాదు. పనికిరానినాడు ఈ-వ్యర్థములను తీసికొను అనుమతి పొందినవారికే ఇయ్యవలెను. నేను రెండు వందలకు అమ్మబోవుట ఆ విధముగను పొరపాటే. ప్లగ్గు ఊడదీసిన తరువాత కూడ ట్యూబులో ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచియుండవచ్చును. కావున ఎంత కుతూహలమున్నను దాని వెనుకమూత మాత్రము మీరు విప్పరాదు.

బాలబాలికలారా! పద్యమును యతి యెరుగక, విరుపు తెలియక గడగడ చదివినవాడు "ఇందులో రుచి లేదు" అన్నచో దోషము పద్యముది కాదు. ఆ ఉదయమున నేను ఆట యంత్రమునకు చేసిన అన్యాయము అదియే. 1996లో నా కుమారునికి చేసినదియు అదియే. లెక్కల మార్కులను తెరపై వాని బుద్ధిని చూచి, బొమ్మ చెడినదనుకొంటిని. ఏ వస్తువునైనను, ఏ మనిషినైనను పనికిరాడని తేల్చుటకు ముందు, మనము చూచుచున్న తెర సరియైనదేనా యని ఒక్కసారి ప్రశ్నించుకొనవలెను.

మా పాత టెలివిజను ఇప్పుడు వెనుకగదిలో లేదు. చెక్కబల్లపై, నా భార్య అల్లిన గుడ్డమీద, హాలులో ఒక మూలనున్నది. సెలవులలో దినమునకొక గంట ఆటకు అనుమతి కలదు. ఆ గంటలో ఎవరే ప్రశ్న అడిగినను, జవాబు తెలియనిచో "నాకు తెలియదు, కలిసి తెలిసికొందము" అని చెప్పుట నేను నేర్చుకొనుచున్నాను.