నాలుగు యూరోల వైనూ, మా తాతయ్య ముక్కూ

ముందే చెప్పేస్తున్నా, నేను వైను పండితుణ్ణి కాదు. ప్రాజెక్టు పనిమీద మూడు నెలలు మాడ్రిడ్‌లో ఉండొచ్చిన మామూలు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. అక్కడ మధ్యాహ్నం హోటల్లో భోజనానికి కూర్చుంటే (మన ప్లేటు మీల్సు లాంటిదే, 'మెనూ దెల్ దియా' అంటారు) చాలాచోట్ల మనం మజ్జిగ పోసినంత మామూలుగా ఒక గ్లాసు ఎర్ర వైను కూడా పెట్టేస్తారు. అలా మొదలైంది. మూడో వారానికి గ్లాసు తిప్పడం, వాసన చూడటం, తల పంకించడం అన్నీ వచ్చేశాయి. ఏం అర్థమైందని అడక్కండి :)

నాకు నచ్చింది గర్నాచా, టెంప్రనియో అని రెండు రకాల ద్రాక్షలు కలిపి చేసిన వైను. సూపర్ మార్కెట్‌లో సీసా నాలుగు యూరోలు, అంటే ఇంచుమించు నాలుగొందల రూపాయలు. గర్నాచా ఎండనీ నీటి ఎద్దడినీ తట్టుకునే తీగ. బాగా మగ్గుతుంది కాబట్టి పండు రుచి, దాంతోపాటు ఆల్కహాలూ ఎక్కువే. కానీ వగరు తక్కువ. టెంప్రనియో పేరులోనే 'తొందర' ఉంది, మిగతా వాటికంటే ముందే పండుతుందని. రంగూ, వగరూ అది ఇస్తుంది. ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుందన్నమాట. మంచి టీములో ఇద్దరు డెవలపర్ల లాగా.

ఈ 'వగరు' దగ్గర కాస్త ఆగాలి. వైను గురించి మాట్లాడేవాళ్లు టానిన్, టానిన్ అని ఊదరగొడుతుంటే నేనూ బుద్ధిగా నోట్సు రాసుకున్నా. అదేంటయ్యా అంటే మన వగరే! ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉండే ఆ పదార్థం మన లాలాజలంలోని ప్రోటీన్లని పట్టేసుకుంటుంది. అందుకే నాలుక ఎండిపోయినట్టు, బిగుసుకున్నట్టు ఉంటుంది. నేరేడు పండూ, జామపిందే, వక్కా చేసేది ఇదే పని. చిన్నప్పుడే వచ్చిన పాఠాన్ని డబ్బులు పోసి మళ్లీ నేర్చుకున్నానన్నమాట.

తిరిగొచ్చేటప్పుడు ఒక సీసా తెచ్చాను. జూన్లో ఇంట్లో వ్రతం ఉందని ఊరెళ్లాను. మాది అన్నవరం. జిల్లా 2022లో కాకినాడ అయింది గానీ మా నోట్లో ఇప్పటికీ తూర్పుగోదావరే. రత్నగిరి పైన సత్యదేవుడు, కింద పంపా నది, కొండ నీడలో మా ఇల్లు. ఆ ఇంట్లో సీసా తీసే ధైర్యం నాకూ లేదు, పెద్దవాళ్లకి గౌరవం ఇవ్వాలి కూడా. అందుకని వ్రతం మర్నాడు ఊరి బయట మావయ్య మామిడితోటలో ఏర్పాటు చేసుకున్నాం. తాతయ్య (అమ్మ వాళ్ల నాన్న) ఉండేది అక్కడే. అత్తయ్య వండినవి వేట మాంసం వేపుడు, గోంగూర రొయ్యలు, కోడి పలావు. మావయ్య ప్రేక్షకుడు, నేను ప్రొఫెసరు.

మొదటి సమస్య వేడి. ఎర్ర వైను రూమ్ టెంపరేచర్లో తాగాలంటారు. అది యూరప్ గది, పదహారు పద్దెనిమిది డిగ్రీలు. మా తోటలో రూమ్ టెంపరేచర్ అంటే కాఫీ కాచుకోవచ్చు! వేడెక్కిన వైనులో పండు వాసన చచ్చిపోయి ఆల్కహాలు ముక్కుకి కొడుతుంది. సీసాని ఐసు ముక్కలేసిన బకెట్లో ఓ ఇరవై నిమిషాలు పెట్టాక గానీ దారికి రాలేదు.

ఇక టెస్టు ఫలితాలు.

వేట మాంసం వేపుడు: పాస్. కొవ్వూ ప్రోటీనూ వగరుని మెత్తబరుస్తాయి. ముద్దకీ ముద్దకీ మధ్య నోరు కడిగేసినట్టు ఉంది.

గోంగూర రొయ్యలు: ఘోరంగా ఫెయిల్. తిండి వైనుకంటే పుల్లగా ఉంటే వైను చప్పబడిపోతుంది, గోంగూర ముందు ఏ వైను నిలబడుతుంది చెప్పండి? దానికితోడు పచ్చిమిర్చి. కారం మీద ఆల్కహాలు పడితే మంట రెట్టింపు. ఎర్ర వైనులో ఉండే ఇనుము చేపలూ రొయ్యలతో కలిస్తే ఒక తుప్పు రుచి కూడా వస్తుంది.

కోడి పలావు: పాస్, కారం తగ్గిస్తే. గర్నాచా పాలు ఎక్కువుండే వైనులో వగరు తక్కువ కాబట్టి మన మసాలాకి కాస్త సర్దుకుంటుంది.

"మరి ప్రసాదంతోనో?" అన్నాడు మావయ్య వేళాకోళంగా. నేతిలో మగ్గిన ఆ గోధుమనూక ప్రసాదం పేరు ఈ కబుర్లలోకి తేగానే అత్తయ్య "చెంపలేసుకోండి ముందు" అంది. తిండి వైనుకంటే తియ్యగా ఉంటే వైను పుల్లగా తగులుతుందన్నది పుస్తకంలో మాట. ఆ టెస్టు మాత్రం నేనెప్పటికీ చెయ్యను.

ఇక్కడిదాకా సరదాగానే గడిచింది.

తాతయ్య మంచమ్మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. వయసులో ఉన్నప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నేను ఉత్సాహం పట్టలేక గాజుగ్లాసులో రెండు గుక్కలు పోసి "తాతయ్యా, రుచి చూసి చెప్పు" అని చేతికిచ్చేశాను. ఆయన గ్లాసు పట్టుకుని కాసేపు ఊరుకున్నాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఎండకి బాగా మగ్గిన పండురా ఇది. నేరేడు లాంటిది, నల్లది. చెక్క వాసనొకటి ఉంది, పీపాలో గానీ పెట్టారా?" అన్నాడు.

సీసా తిప్పి చూశాను. 'రోబ్లే' అని ఉంది. స్పానిష్‌లో ఓక్ చెట్టు అని అర్థం, కొన్ని నెలలు ఓక్ పీపాలో ఉంచిన వైనుకి అలా రాస్తారు. నేను మూడు నెలల్లో ఒక్కసారి కూడా పట్టలేకపోయాను ఆ వాసన.

"తెల్లారి దింపిన కల్లు తీపి, పొద్దెక్కేకొద్దీ పులుపు. లొట్టికి సున్నం పూస్తే పులవదు. వాసన చూసే ఏ పూటదో చెప్పేవాళ్లం" అన్నాడు. అని గ్లాసు నాకే ఇచ్చేశాడు, ఒక్క చుక్క ముట్టకుండా.

సరిగ్గా అప్పుడే అమ్మ పెరుగు క్యారేజీతో వచ్చింది. తాతయ్య చేతిలోంచి నా చేతిలోకొస్తున్న గ్లాసు చూసింది.

నాకు తెలిసీ ఎప్పుడూ పట్టించుకోని సంగతి ఒకటుంది. తాతయ్యని ముంచింది కల్లు కాదు, సారా. అమ్మమ్మ పుస్తెలు రెండుసార్లు తాకట్టుకెళ్లాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో ఎత్తేశారు. ఎత్తేసినా తాతయ్య మళ్లీ ముట్టలేదు. ముప్పై ఏళ్లు దాటింది. అలాంటి మనిషి చేతిలో నేను గ్లాసు పెట్టాను, 'రుచి' చూడమని.

అమ్మ అరవలేదు. "మా నాన్న తాగితే తాగుడు, నువ్వు తాగితే టేస్టింగా?" అంది.

జవాబు కోసం లెక్కలేశాను (ఇంజనీర్ని కదా). పులిసిన కల్లులో ఆల్కహాలు సుమారు నాలుగైదు శాతం. నా సీసా మీద పద్నాలుగు. అంటే 150 మిల్లీలీటర్ల వైను గ్లాసు, దగ్గర దగ్గర అర లీటరు కల్లుతో సమానం. కల్లుపాకలో అర లీటరు తాగినోణ్ణి మనం ఏమంటామో, నాలాంటివాణ్ణి ఏమంటామో మీకు తెలుసు. ఎంత తక్కువ తాగినా పూర్తిగా క్షేమం అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. దానికి సారాయా, ద్రాక్షసారాయా అన్న తేడా లేదు.

"వారానికి ఎంత తాగేవాడివిరా అక్కడ?" అనడిగింది అమ్మ, అన్నం వడ్డిస్తూ. "రెండు మూడు గ్లాసులమ్మా" అన్నాను. అబద్ధం చెప్పాననుకోలేదు, నిజంగా అంతే అనుకున్నా.

ఆ రాత్రి నిద్రపట్టక, ఫోన్లో ఆ సూపర్ మార్కెట్ బిల్లులు తీసి లెక్కపెట్టాను. పదమూడు వారాలు, ఇరవైఆరు సీసాలు. గదిలో నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి. సీసాకి ఐదు గ్లాసులు. వారానికి పది. హోటల్ భోజనంతో వచ్చినవి ఇందులో లేవు. చవగ్గా దొరికింది, పేరు బాగుంది, వగరు గురించి నాలుగు ముక్కలు మాట్లాడగలుగుతున్నాను.. అందుకని లెక్కపెట్టాలనే తోచలేదు.

పొద్దున్నే లేచి అమ్మకి చెప్పాను, రెండు కాదమ్మా, పది అని. ఆవిడ పొయ్యి మీద పాలు చూస్తూ "తెలుసు" అంది. ఎలా తెలుసని అడగలేదు నేను. సారా తాగే ఇంట్లో పెరిగింది కదా, రెండు మూడు అన్నవాళ్లని చాలామందిని చూసుంటుంది.

సీసాలో సగం మిగిలింది. మావయ్య తోటలోనే ఉంచేశాను.