మేడ మీద మజిలీ

పెరడు లేని బేర్ సరాయ్‌లో పిల్లలతో ఆరుబయట ఒక రాత్రి గడపాలంటే నాలుగంతస్తులు ఎక్కాలి. అక్కడ ఆకాశం కూడా అద్దెదే.

దక్షిణ ఢిల్లీలో సరాయ్‌లకు కొదవ లేదు. యూసుఫ్ సరాయ్, కాలూ సరాయ్, జియా సరాయ్, కట్వారియా సరాయ్, లాడో సరాయ్, షేక్ సరాయ్. సరాయ్ అంటే బాటసారులు రాత్రిపూట ఆగే చోటు. మన మాటల్లో చెప్పాలంటే సత్రం, లేదా మజిలీ. హిందీలో బేర్ అంటే రేగు. నేటి బేర్ సరాయ్‌లో రేగుపళ్లు కావాలంటే తోపుడుబండి దగ్గరికి వెళ్లాల్సిందే గానీ బాటసారులకు మాత్రం లోటు లేదు. ఒకవైపు ఐఐటీ, మరోవైపు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం. 1969లో ఏర్పడిన జేఎన్‌యూ తొలి రోజుల్లో నడిచిన పాత ప్రాంగణం రోడ్డుకు అవతలే ఉంది. సివిల్స్, గేట్, నెట్ పరీక్షలకు చదివే కుర్రాళ్లు ఏడాదికో రెండేళ్లకో ఇక్కడ గది తీసుకుంటారు, జిరాక్స్ నోట్సు కొంటారు, గెలిచో ఓడో వెళ్లిపోతారు. వారిలో తెలుగువారు ఎప్పుడూ ఉంటారు. కొందరు మాత్రం ఉద్యోగం దొరికి, పెళ్లయి, పిల్లలు పుట్టాక కూడా ఇక్కడిక్కడే ఉండిపోతారు.

అలా ఉండిపోయిన ఒక గుంటూరు తండ్రికి ఎనిమిదేళ్ల కూతురు, అయిదేళ్ల కొడుకు. వేసవిలో పెరట్లో వరుసగా మంచాలు వేసుకుని పడుకున్న తన చిన్నతనం గురించి ఆయన పిల్లలకు చాలాసార్లు చెప్పాడు. చివరికి కూతురు సూటిగా అడిగింది: "నాన్నా, పెరడు అంటే ఏంటి?"

ఆ ప్రశ్నకు బేర్ సరాయ్‌లో చూపించగల జవాబు లేదు. ఢిల్లీ పల్లెల్లో ఇళ్లున్న జాగాను పొలాల నుంచి వేరు చేస్తూ 1908లో రెవెన్యూ పటాల మీద ఎర్ర గీత గీశారు. అదే లాల్ డోరా. నగరం విస్తరించినప్పుడు పొలాలు పోయాయి, గీత లోపలి ఊరు మిగిలింది. 1963 నుంచి ఆ గీత లోపల ఇల్లు కట్టడానికి భవన నిబంధనల బెడద లేకుండా పోయింది. పక్కకు జరగడానికి చోటు లేదు కాబట్టి ఇళ్లు పైకి పెరిగాయి. గోడకు గోడ ఆనుకున్న నాలుగైదు అంతస్తులు, మధ్యన మోటారు సైకిలు పట్టేంత సందు. పశువుల కొట్టం ఉన్నచోట గది లేచింది, గది ఉన్నచోట మూడు గదులు లేచాయి. పక్కనే ఉన్న డీడీఏ ఫ్లాట్లలో కింది అంతస్తు వారికి కాస్త జాగా దొరకవచ్చు. ఊళ్లో మాత్రం ఆరుబయలు అంటే డాబా ఒక్కటే.

పిల్లలతో ఇంటి వెనకే డేరా వేసుకుని పడుకోవడం అమెరికాలో పాత అలవాటు. అక్కడి నేషనల్ వైల్డ్‌లైఫ్ ఫెడరేషన్ ఏటా జూన్‌లో దేశవ్యాప్తంగా పెరటి డేరాల రాత్రి జరిపేది. ప్రకృతికి దూరమైన బాల్యం గురించి రిచర్డ్ లూవ్ రాసిన పుస్తకం 2005లో వచ్చి పెద్ద చర్చనే లేపింది. 2020 లాక్‌డౌన్‌లో ఇళ్లకే పరిమితమైన కుటుంబాలు చాలా దేశాల్లో పెరటి డేరాలను మళ్లీ బయటికి తీశాయి. ఇంగ్లండ్‌లోని డెవాన్‌లో మ్యాక్స్ వూజీ అనే పదేళ్ల బాలుడు ఆ మార్చిలో తోటలో డేరా వేసుకుని, ఏకంగా మూడేళ్లు అందులోనే పడుకున్నాడు. క్యాన్సర్‌తో చనిపోయిన పొరుగాయన ఇచ్చిన డేరా అది. ఆయనకు చివరి రోజుల్లో సేవ చేసిన సంస్థ కోసం ఆ కుర్రాడు 7 లక్షల పౌండ్లకు పైగా విరాళాలు సేకరించాడు.

తెలుగువారికీ డేరాలు కొత్త కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి పెద్ద పరివారంతో, డేరాలు మోయించుకుంటూ మజిలీ మజిలీకి ఆగుతూ వెళ్లాడు. ఇక మధిర సుబ్బన్న దీక్షితులు కాశీ మజిలీ కథల్లో గురువు ప్రతి మజిలీ దగ్గరా శిష్యుడికి ఒక కథ చెబుతాడు. రాత్రి ఆగిన చోట కథ ఉండాలన్న సంగతి మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు.

అయితే డాబా తాళం ఇంటి యజమాని దగ్గర ఉంటుంది. నీళ్ల ట్యాంకుల దగ్గర ఎవరూ తిరగకూడదన్నది ఒక కారణం. గోడల ఎత్తు ఇంకో కారణం. డాబా చుట్టూ గోడ కనీసం ఒక మీటరు ఎత్తు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. ఆ కొలతను పట్టించుకున్న ఇళ్లు ఎన్నో గోడలను చూస్తేనే తెలుస్తుంది. తండ్రి అడిగితే యజమాని ఒప్పుకోలేదు. ఆయన తల్లి ఒప్పుకుంది. ఒకప్పుడు వేసవి వస్తే ఊరు ఊరంతా డాబాల మీదే పడుకునేదని, సాయంత్రం నీళ్లు చల్లి, మంచాలు వాల్చి, కూజా పక్కన పెట్టుకునేవారని ఆ పెద్దావిడ పిల్లలకు హిందీలో వర్ణించి చెప్పింది. కూలర్లు వచ్చి సగం మందిని కిందికి దింపాయి. ఏసీలు మిగతావారిని దింపి, తమ వేడిగాలిని డాబాల మీదికి వదిలాయి.

రోజు ఎంచుకోవడం కూడా తేలిక కాదు. అక్టోబరు చివరి నుంచి పొగమంచు, పొగ కలిసి ఢిల్లీ ఊపిరి బిగబడుతుంది. మే వచ్చిందంటే ఆంధీ భయం. 2014 మే 30న వీచిన గాలివాన వేగం గంటకు 110 కిలోమీటర్లు దాటింది. జూన్‌లో రాత్రి కూడా చల్లబడదు. 2024 జూన్ 19న సఫ్దర్‌జంగ్ కేంద్రంలో కనిష్ఠ ఉష్ణోగ్రతే 35 డిగ్రీలు దాటింది. వానలు తగ్గుతున్నప్పుడు డెంగీ కాలం. అవన్నీ తీసేస్తే మిగిలేవి మార్చి రెండో సగం, ఏప్రిల్ మొదటి వారాలు. తండ్రి ఏప్రిల్ మొదటి శనివారం ఎంచుకున్నాడు.

కాంక్రీటులో మేకులు దిగవు. అందుకే డేరా నాలుగు మూలలకూ నీళ్ల క్యాన్లు కట్టారు. కింద ఒక బొంత, దాని మీద మరొకటి. ట్యాంకుకూ డేరాకూ మధ్య, గోడకు దూరంగా పిల్లల పక్కలు. గోడవైపు తండ్రి. మెట్ల తలుపు తెరిచే ఉంచారు. తల్లి పెరుగన్నం, ఆవకాయ గిన్నెల్లో పెట్టి పైకి పంపింది. తను మాత్రం రానంది. ఇద్దరు పిల్లలూ ఒక రాత్రి ఇంట్లో ఉండకపోవడం కంటే గొప్ప విహారయాత్ర ఆమెకు ఇంకేముంటుంది?

ఎనిమిదిన్నరకు పడమట గొల్లకావడి కనిపించింది. పిల్లలకోడి కోసం ఎంత వెతికినా ఆ పక్కన ఎర్రటి మసకే తప్ప ఏమీ లేదు. ఉత్తరాన సప్తర్షులు పైకి వచ్చారు. వసిష్ఠుడు దొరికాడు గానీ పక్కన ఉండాల్సిన అరుంధతి ఢిల్లీ దీపాల వెలుగులో మాయమైంది. పెళ్లినాడు పురోహితుడు పట్టపగలు చూపించిన అరుంధతిని చూశానని తలూపిన తండ్రికి, ఈ రాత్రి కనిపించలేదని ఒప్పుకోవడం పెద్ద కష్టం కాలేదు.

ధ్రువ నక్షత్రం మాత్రం దొరికింది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో సుమారు పది డిగ్రీలు అవుతుంది. దిగంతం నుంచి ధ్రువుడి దాకా పిల్లలు పిడికిలి మీద పిడికిలి పెట్టి కొలిచారు. దాదాపు మూడు. ఏ ఊరి అక్షాంశం ఎంతో అక్కడ ధ్రువుడి ఎత్తు అంతే. ఢిల్లీది 28 డిగ్రీల పైచిలుకు, గుంటూరుది 16. అంటే తాతగారి ఊళ్లో ఒకటిన్నర పిడికిలే. సెలవులకు రైల్లో వెళ్లే రోజున్నర ప్రయాణం ఆకాశంలో ఒక పిడికిలి పైచిలుకేనని లెక్క తేలేసరికి కూతురికి భూమి గుండ్రంగా ఉందన్న పాఠం మొదటిసారి అర్థమైంది.

తరువాత నక్షత్రాల కంటే విమానాలే ఎక్కువ కనిపించాయి. విమానాశ్రయం దగ్గరే. వాటినీ లెక్కపెట్టి విసిగి, చిన్నవాడు ఎదుటి మేడల్లో వెలుగుతున్న కిటికీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదకొండింటికి ముప్పై నాలుగు. ఒక్కో కిటికీ వెనక ఒక్కో పుస్తకం, ఒక్కో పరీక్ష. ఒకప్పుడు అందులో ఒక కిటికీ తనదేనని తండ్రి చెప్పాడు. మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పిన కథ అది. పిల్లలకు అంతకు ముందెప్పుడూ చెప్పలేదు. "తప్పితే కొడతారా నాన్నా?" అని చిన్నవాడు అడిగాడు. "కొట్టరు. వేరే పని వెతుక్కోమంటారు" అన్నాడు తండ్రి. "మరి నువ్వు వెతుక్కున్నావు కదా" అని వాడు అటు తిరిగి నిద్రపోయాడు.

తెల్లవారుజామున సంజయ్ వన్ వైపు నుంచి నెమలి కేక వినిపించింది. 780 ఎకరాల ఆ ఆరావళి అడవిలో రాత్రిపూట ఎవరినీ ఉండనివ్వరు. దాని గొంతు మాత్రం డాబాల దాకా వస్తుంది. కింది గదుల్లో కిటికీలు మూసుకుని పడుకునేవారికి అదీ వినపడదు.

ఏడింటికల్లా ఎండ డేరాను తాకింది. దుప్పట్లు మడుస్తుండగా యజమాని తల్లి టీ తీసుకుని పైకి వచ్చి, ఇంకో వార్త కూడా చెప్పింది. దీపావళి దాటాక ఈ డాబా మీద ఇంకో అంతస్తు లేస్తుందట. నాలుగు గదులు, నలుగురు కుర్రాళ్లు, నలుగురి అద్దె. ఆవిడ తప్పుపట్టలేదు, సంతోషించనూ లేదు. పొలం పోయిన ఇంటికి అద్దెలే పంట.

బేర్ సరాయ్‌లో ఆకాశం ఇలాగే ఏటా ఒక అంతస్తు పైకి జరుగుతోంది. దాన్ని అందుకోవడానికి ప్రతిసారీ ఇంకొన్ని మెట్లు ఎక్కాలి, ఇంకొకరి దగ్గర తాళం అడగాలి. దీపావళికి ఇంకా ఆరు నెలలు పైనే ఉంది. అక్టోబరు మొదటి వారంలో, పొగ కమ్మకముందు, ఒక శనివారం దొరకవచ్చు. కూతురు అప్పుడే క్యాలెండరులో గీత గీసి పెట్టుకుంది. అది కూడా ఎర్ర గీతే.